ఊడవని వీధి

వీధులు ఊడ్చి బతికేవాళ్ళ దగ్గరికొచ్చి, మీ వీధి మాత్రం ఊడవకండమ్మా అని బతిమాలిన మనిషిని సువర్ణ తన జన్మలో అప్పుడే చూసింది. ఆమెకి నవ్వాగలేదు. నవ్వదూ మరి? పెళ్ళై కలకత్తా వచ్చిన నాటి నుంచీ కార్పొరేషన్ చీపురు చేతపట్టి ఊరి చెత్తంతా ఎత్తిపోస్తున్న మనిషి. సెలవు రోజైనా సరే, తన గుమ్మం ముందు పుల్ల కనిపిస్తే అది తీసేదాకా టీ నీళ్ళు గొంతు దిగవు.

అడిగినవాడు ఆశిష్‌దా. సువర్ణ వాళ్ళుండే తెలుగువాళ్ళ క్వార్టర్ల లైనుకి ఎదురుగా ఉన్న మైదానంలో ఏటా దుర్గాపూజ జరిపే క్లబ్బుకి ఆయన సెక్రటరీ. ఏడాదికో కొత్త వింత చూపించకపోతే జనం పక్క పందిరికి పోతారు కదా, ఈసారి వింత పేరు 'మరునగరి', అంటే ఎడారి నగరం, అన్నాడు. నూరేళ్ళ తరవాతి లోకమట. భూమంతా ఇసకే. ఆ ఇసక మధ్య ఆకాశాన్నంటే అద్దాల నగరం. లోపల నీళ్ళు, చల్లదనం, దీపాలు, నడిబొడ్డున అమ్మవారు. నగరం గోడ దాటితే చట్టం లేదు, చుక్క నీరు లేదు, బలమున్నవాడిదే బువ్వ.

"నగరం మేం కడతాం," అన్నాడు.

"మరి ఎడారి ఎవరు కడతారు దాదా?" అని బెంగాలీలోనే అడిగింది సువర్ణ.

ఆయన వీధి వంక చూశాడు. పెచ్చులూడిన పాత క్వార్టర్లు, తుప్పు రేకులు, ట్యాంకరు కోసం వరసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెలు. "ఇంత సహజంగా ఏ కళాకారుడూ కట్టలేడు దిదీ," అన్నాడు మెచ్చుకోలుగా. చెంప మీద కొట్టినా ఇంతకంటే నయమే. కానీ వెంటనే ఇంకో మాట అన్నాడు. పూజ రోజులు మీరు వీధి ఊడవకుండా, ఎప్పటిలాగే గుమ్మాల్లో కూర్చుంటే చాలు, పూజ అయిన మర్నాడే మీ లైనుకి సొంత కొళాయి వేయిస్తాం.

కొళాయి! ఆ ఒక్క మాటకి సువర్ణ కరిగిపోయింది. ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుని పోట్లాడి, సగం బిందెతో ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజులు ఆమెకి ఎన్నో ఉన్నాయి. తలూపింది. సువర్ణ తలూపితే లైనంతా ఊపినట్టే. మొగుడు గురువులు మాత్రం మొహం చిట్లించాడు. ఆయనది కార్పొరేషన్‌లోనే మురుగుకాలవల పని.

"అడక్కండా ఇత్తానన్నోడి సెయ్యి సూడకూడదే, కాలు సూడాల. ఎక్కడెడతాడో తెలాల," అన్నాడు.

"నువ్వెప్పుడూ అలగే అంటావు. ఊరుకో," అంది సువర్ణ.

ఆ కాలు ఎక్కడ పెట్టాడో మహాలయ అమావాస్య వెళ్ళాక తెలిసింది. వీధి నిండా పచ్చటి ఇసక పోయించారు. మొండి కార్లు, చిల్లులు పడ్డ డ్రమ్ములు తెచ్చి పడేశారు. గుమ్మాల ముందు ఈ చివర నుంచి ఆ చివరకి వెదురు కంచె కట్టారు. జనం నగరం చూసుకుని వెనక దారిన బయటికొస్తూ, ఆ కంచె మీదుగా ఎడారి మనుషుల్ని చూస్తారన్న మాట. కాలవ వైపున్న సందుకి రేకులు కొట్టి అక్కడ జనరేటర్ లారీ నిలబెట్టారు. జనం పోయే వెనక దారి చుట్టు తిరిగి ఎక్కడో దూరాన తేలుతుంది. ఇక వీధిలోంచి రోడ్డెక్కాలంటే ఒకటే దారి, అద్దాల నగరం కడుపులోంచి, వచ్చే జనానికి ఎదురీదుకుంటూ. మెటియాబ్రుజ్ ఆటోలు ఆగే రోడ్డు గట్టిగా పిలిస్తే పలికేంత దగ్గర. కానీ పూజ జనంలో అంత దగ్గరా ఏడు సముద్రాల అవతలే.

అప్పటికి సువర్ణ ఇంట్లో నిండు చూలాలుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు హైమ. అల్లుడు కామేష్‌కి షాలిమార్ గూడ్స్ యార్డులో పని, అత్తవారిల్లు ఆ పక్కనే. వియ్యపురాలు సింహాచలమ్మ ముందే చెప్పింది. "వదినా, పూజల్లో మీకాడ గాలి కూడా ఆడదు. గుంటని ఇక్కడే ఉంచీదాం. ఆస్పత్రి మాకు అంగలో ఉంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సువర్ణ వింటేనా? తొలి కానుపు పుట్టింట్లో జరక్కపోతే లైన్లో తలెత్తుకుని తిరగగలదా? "లచ్చింపూజ ఎల్లాక గాని నొప్పులు రావన్నాది డాట్రమ్మ. అప్పటికి పందిరీ ఉండదు, జనమూ ఉండరు," అని, శ్రీమంతం చేసి, రెండు చేతులకీ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు తొడిగి, పిల్లని నది అవతల హౌరా నుంచి తెచ్చుకుంది.

డాక్టరమ్మ లెక్క కడుపులో బిడ్డకి తెలీదు కదా. అష్టమి నాడు దీపాలు పెట్టే వేళకి హైమ గోడ పట్టుకుని వంగిపోయింది.

"అమ్మా, నొప్పి. ఇలగుంటాదేటి?"

"ఇలగే ఉంటాది తల్లీ. నువ్వు పుట్టినప్పుడు నాకూ ఇలగే..." అంటూ చీర కుచ్చెళ్ళు సర్దబోయిన సువర్ణ చెయ్యి తడిసింది. దీపం దగ్గరికి తెచ్చి చూసుకుంది. ఉమ్మనీరు కాదు. రక్తం. పిల్ల కాళ్ళ వెంట చాప మీదికి దిగుతోంది, ఆగడం లేదు. లైన్లో పది కానుపులు చూసిన మనిషే అయినా ఈ ఎరుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

గురువులు అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. అది పాపం తొందరగానే వచ్చింది. వచ్చి ఆటోల రోడ్డు మీద ఆగిపోయింది. లోపలికి సైకిల్ కూడా రాదు, మీరే తీసుకురండి అన్నాడు డ్రైవరు. ఆశిష్‌దాకి చేస్తే ఎత్తలేదు. ఎత్తినా ఏం వినిపిస్తుంది? అష్టమి హారతి, ఢాకు డప్పుల మోత, మైకులు. జనరేటర్ పక్క రేకులు విప్పుదామని కుర్రాళ్ళు పోతే, లారీ సందుకి అడ్డంగా గోడలా ఉంది, తాళాలు తీసుకుని డ్రైవరు ఇంకో పందిట్లో అమ్మవారిని చూడ్డానికి పోయాడట.

హైమ అరుస్తోంది. గుమ్మం బయట పొగ యంత్రాలు ఎర్రటి పొగ కక్కుతున్నాయి. కంచె అవతల జనం ఆగి వింటున్నారు. సువర్ణ పరిగెత్తుకెళ్ళి రక్తం అంటిన రెండు చేతులూ కంచె మీద పెట్టి, "దాదా, దిదీ, దారివ్వండి, మా అమ్మాయి చచ్చిపోతోంది!" అని వాళ్ళ భాషలోనే మొత్తుకుంది.

ఒక్కసారిగా ఫోన్లన్నీ లేచాయి.

"దారుణ్! దారుణ్!" అన్నాడొక కుర్రాడు. ఇక్కడ అది మెచ్చుకోలు. వాడి పక్కన పిల్ల చప్పట్లు కొట్టింది. ఎవరో పెద్దాయన, "లోపల అరుపు కూడా రికార్డింగే, ఎంత బాగా పెట్టారో!" అని పెళ్ళానికి వివరించాడు. సువర్ణ నెత్తి బాదుకుంది. బాదుకున్న కొద్దీ ఫోన్లు దగ్గరికొచ్చాయి.

గురువులు కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని కంచె దూరబోయాడు. కాపలా కుర్రాడు వెదురు అడ్డం పెట్టాడు. కొత్తవాడు, ఎక్కడి నుంచో తెచ్చినవాడు. "ఆర్టిస్టులు పబ్లిక్ వైపు రాకూడదు కాకా, రూలు," అన్నాడు. వెనక నుంచి తోపులాట, ముందు నుంచి తోపులాట. ఎవడి మోచెయ్యో హైమ పొట్టకి తగిలింది. పిల్ల వేసిన కేకకి గురువులు వెనక్కి తిరిగి, మళ్ళీ తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. మురుగు మేన్‌హోల్లో ఊపిరాడక బయటపడ్డ నాడు కూడా ఏడవని మగాడు, అప్పుడు ఏడ్చాడు.

"ఇంక మన సేతిలో ఏటీ లేదే," అన్నాడు.

సువర్ణ కూతురి మొహం చూసింది. పెదాలు పాలిపోతున్నాయి. నేనే తెచ్చాను, కొళాయికి ఆశపడి వీధిని నేనే అమ్మేశాను అనుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒక దాంట్లో దూకాలి. ఈ ఊళ్ళో జనం దేనికి జరుగుతారు? మంత్రి కారుకి జరుగుతారు. ఇంకా? రోడ్డు ఊడుస్తుంటే రోజూ చూసేదే కదా. ఆ ఒక్క కేక వినపడగానే బస్సు ఆగుతుంది, టీ తాగేవాడు గ్లాసు దించుతాడు, తనూ చీపురు పక్కన పెట్టి నుదుటికి చెయ్యి ఆనిస్తుంది. తోవ దానంతటదే విచ్చుకుంటుంది.

ఆమె లేచి గురువులు తెల్ల పంచె తీసింది.

"నులక మంచం ఎత్తండి," అంది. "పిల్లకి నిండా కప్పెయ్యండి. పువ్వులెయ్యండి. అగరొత్తులు ఎలిగించండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. లైన్లో ఎవరు పోయినా పాడె కట్టే పెద్దమనిషి సూరన్నకి అర్థమైంది. రెండడుగులు వెనక్కేశాడు.

"ఓలమ్మా, బుద్దుండే మాటాడతన్నావా? బతికున్న గుంటకి హరిబోలు సావుకేకేటి! అదీ కడుపుతో ఉన్నదానికి! ఆ కేక ఊరికే పోదే, సువర్ణా."

"ఊరుకుంటే మాత్రం మిగుల్తాదేటి మావా? నువ్వు మొయ్యకపోతే నానే మోత్తాను!"

గురువులే ముందు కదిలాడు. వచ్చి మంచం కోడు పట్టుకున్నాడు. అది చూసి సూరన్న ముక్కు చీది రెండో కోడు పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు వెనక్కి వెళ్ళారు. గుమ్మానికి కట్టిన బంతిపూల దండ తెంపి మంచం మీద వేశారు.

సువర్ణ పంచె అంచు ఎత్తి, కూతురి చెవి దగ్గర వంగింది. ఏ తల్లీ ఏ కూతురికీ చెప్పని మాట అది. అయినా చెప్పింది. "నా తల్లి కదూ, రోడ్డెక్కిందాకా అరవకు. శవం అరవదే. పళ్ళు బిగించుకో. ఈ గుడ్డ కొరుక్కో."

హైమ తల్లి కళ్ళలోకి చూసింది. తలూపి, గుడ్డ నోట్లో పెట్టుకుంది. సువర్ణ పంచె మొహం మీదికి లాగింది.

మంచం లేచింది. గురువులుకి కేక వెయ్యాలని తెలుసు, నోరు తెరిచాడు, గాలి తప్ప ఏం రాలేదు. ఇక సువర్ణే ముందుకొచ్చింది. ఆడది శవం ముందు నడవడం అటు మనలోనూ లేదు, ఇటు వీళ్ళలోనూ లేదు. లేకపోతే పోయింది.

"బొలో హరి!" అని అరిచింది.

"హరి బోల్," అన్నాడు సూరన్న, ఏడుస్తూ.

"బొలో హరి!"

"హరి బోల్!"

చిత్రం చూడండి. ఇందాక వెదురు అడ్డం పెట్టిన కుర్రాడే గబగబా కంచె విప్పాడు. ఫోన్లు దిగిపోయాయి. చప్పట్లు కొట్టిన పిల్ల మొహాన్ని తల్లి పైటలో దాచుకుంది. మగాళ్ళు చెప్పులు విడిచి నుదుటికి చేతులు ఆనించారు. కిక్కిరిసిన జనం పాపిడి తీసినట్టు రెండుగా చీలారు. "అయ్యో, కడుపుతో ఉంది పాపం," అంటోంది ఒక ముసలామె, పంచె కింద ఎత్తు చూసి. సువర్ణకి అందరూ కనిపిస్తున్నారు, ఎవరూ కనిపించడం లేదు. ఆమె చెవి మంచం మీదే ఉంది. పంచె కింద ఆకుపచ్చ గాజులు గలగలమంటున్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా పిల్ల పిడికిళ్ళు బిగిస్తోంది. గాజుల చప్పుడు జనానికి వినపడకూడదని సువర్ణ ఇంకా గట్టిగా అరిచింది. తనకి మాత్రం వినపడాలని దేవుణ్ణి వేడుకుంది.

అద్దాల నగరంలోకి వచ్చారు. నీలం దీపాలు, చల్లటి గాలి, గోడల మీంచి జారే నీళ్ళు. ఎన్ని బిందెల నీళ్ళో! అమ్మవారు పది చేతులతో చూస్తోంది. ఢాకులు ఆగిపోయాయి. ఎత్తు మీద మైకు పట్టుకున్న ఆశిష్‌దా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "బొలో హరి!" అంది సువర్ణ ఆయన మొహం మీదే.

అక్కడే గాజులు ఆగిపోయాయి.

మిగతా దూరం ఆమె ఎలా నడిచిందో ఆమెకే తెలీదు. కేక వేస్తూనే ఉంది, కానీ అది కేకో ఏడుపో ఎవరూ చెప్పలేరు. రోడ్డు, ఆటోలు, అంబులెన్స్ తలుపు. మంచం దించగానే పంచె లాగేసింది.

"అరువు తల్లీ! వొచ్చేసేం. ఇంక అరువు!"

హైమ కళ్ళు మూసుకునే ఉంది. నోట్లో గుడ్డ అలాగే ఉంది. సువర్ణ గుడ్డ పీకి రెండు చెంపలూ వాయించింది. "అరవ్వే! నీకు దండమెడతాను, అరవ్వే!"

అప్పుడు అరిచింది హైమ. ఆ అరుపుకి, దండం పెట్టుకుంటున్న జనం హడలిపోయి వెనక్కి పడ్డారు. సువర్ణ అయితే నవ్వింది. అంత రక్తంలో, అంత భయంలో, పిచ్చిదానిలా నవ్వింది. బతికుంది. నా పిల్ల బతికుంది.

బతికింది కూడా. పెద్దాసుపత్రి డాక్టరమ్మ బయటికొచ్చి ఆ మాటే ముందు చెప్పింది. తల్లి దక్కింది, ఇంకొంచెం ఆలస్యమైతే తల్లీ దక్కేది కాదు అంది. తరవాత గొంతు తగ్గించింది. ఆడపిల్ల. గుండె దారిలోనే ఆగిపోయినట్టుంది.

దారిలో అంటే ఎక్కడ? కంచె దగ్గరా? అమ్మవారి ముందా? గాజులు ఆగిన చోటా? ఎన్నో కేక దగ్గర? సువర్ణ డాక్టరమ్మని అడగలేదు. ఆ ఊరేగింపులో ఒక శవం ఉందన్న మాట, ఉత్తుత్తి కేక కాదన్న మాట. అంతవరకే ఆమె బుర్రకెక్కింది.

సింహాచలమ్మ కొడుకుతో కలిసి తెల్లారేసరికి వచ్చింది. విషయం అప్పటికే ఎవరో చెప్పారు. "బతికున్నదానికి సావుకేక ఎయ్యించేవు కదే, వదినా," అంది. "నాకాడ ఉంచమంటే ఇన్నావు కాదు." అని తిట్టబోయి, తిట్టలేక, సువర్ణ పక్కనే నేల మీద కూలబడి ఆమె భుజం మీదే తలపెట్టి ఏడ్చింది. సువర్ణకి మాత్రం కన్నీళ్ళు రాలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రివాళ్ళు బిడ్డని తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. హైమ మంచం మీంచి చెయ్యి చాపి, చిన్ని వేళ్ళు ఒకసారి ముట్టుకుంది.

"అమ్మా, నేరుగా మట్టికి అట్టుకెల్లిపోకు. ఒక్కపాలి మనింట్లో పడుకోబెట్టు. అమ్మమ్మిల్లు సూడకండా ఎల్లిపోకూడదు."

కాదని ఎలా అంటుంది? కామేష్ పెళ్ళాం దగ్గర ఉండిపోయాడు. సువర్ణ, గురువులు బిడ్డతో బయల్దేరారు.

ఆరోజు నవమి. ఆటోల రోడ్డు నుంచే వరస మొదలైంది. ఇంటికి పోవాలంటే ఇంకో దారి లేదని చెప్పాను కదా. కాపలావాళ్ళు మారిపోయారు, వీళ్ళని ఎరిగినవాడెవడూ లేడు. "లైన్లో రండి," అన్నారు. పొత్తిలి గుండెకి హత్తుకుని సువర్ణ లైన్లో నిలబడింది. ఎండ మాడ్చేస్తోంది. వెనక నుంచి తోస్తున్నారు.

గురువులు ఆమె చెవిలో అన్నాడు, "నువ్వు కేకెయ్యే. జరుగుతారు."

నోరు తెరిచింది సువర్ణ. నిజంగా చచ్చిపోయిన బిడ్డ చేతిలో ఉంది. ఇప్పుడు వేస్తే అబద్ధం కాదు, ఎవరూ తప్పు పట్టరు. కానీ రాలేదు. ఉన్న కేకంతా రాత్రి బతికున్నదానికి ఖర్చు పెట్టేసింది. పోయినదాని కోసం గొంతులో ఒక్క ముక్క మిగల్లేదు.

"నిద్రపోతోందా?" అని వెనకావిడ మెల్లగా అడిగింది. సువర్ణ తలూపింది. ఆవిడ తన విసనకర్రతో పొత్తిలికి విసురుతూ, పక్కవాళ్ళని, "ష్, తొయ్యకండి, పసిపిల్ల నిద్రపోతోంది," అని కసిరింది. అద్దాల నగరం దాటేదాకా విసురుతూనే ఉంది ఆ తల్లి.

వెనక దారిలోకి వచ్చాక సువర్ణ తన వీధిని మొదటిసారి ఇటు వైపు నుంచి చూసింది. పచ్చటి ఇసక, ఎర్రటి పొగ. రాత్రి మంచం ఎత్తే హడావిడిలో బయటికి లాగేసిన చాప, తన గుమ్మం ముందు రక్తం ఎండి అలాగే పడి ఉంది. జనం దానికే ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె వంగి కంచె దూరింది. వెనక ఎవరో కేకలేశారు. ఫోన్లు లేచాయి. ఆమె తిరిగి చూడలేదు.

బిడ్డని గురువులు చేతుల్లో పెట్టింది. చాప చుట్టి అవతల పెట్టింది. మూల నుంచి చీపురు తీసి, కొంగు బిగించి, వంగి ఊడవడం మొదలుపెట్టింది.

"దిదీ! ఊడవకండి! ఇంకా దశమి ఉంది! కొళాయి సంగతి మరిచిపోయారా?" మైకులో ఆశిష్‌దా గొంతు.

ఆమె ఊడుస్తూనే ఉంది. గుమ్మం నుంచి కంచె దాకా, రోడ్లు ఊడ్చే చేత్తో, బలంగా. పచ్చటి దుమ్ము గుప్పున లేచింది. కంచె మీద వాలిన జనం దగ్గుతూ, ముక్కులు మూసుకుంటూ, వెనక్కి వెనక్కి జరిగారు. ఇసక కింద నుంచి పాత సిమెంటు నేల బయటపడింది. బిందెలో ఉన్న కాసిని నీళ్ళూ దాని మీద చల్లి, చేతులు తుడుచుకుని, మొగుడి చేతుల్లోంచి మనవరాల్ని అందుకుంది.

"రా తల్లీ," అంది. "అమ్మమ్మ వాకిలి తుడిసీసింది. రా."